నేల నాది, మోటారు ఆయనది

ఇది రాయకూడదనే అనుకున్నాను. మా కాలనీ సంఘం కార్యదర్శి రెండుసార్లు ఇంటికి వచ్చి, ఆయన జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నాం, నువ్వు రెండు పేజీలు రాయి బావా అని అడిగితే, కళ్ళజోడు విరిగిందని ఒకసారి, చేతివేళ్ళు వంగడం లేదని ఒకసారి చెప్పి పంపేశాను. రెండూ అబద్ధాలే. అసలు సంగతి ఏమిటంటే, పోయినాయన బతికున్నంతకాలం అందరి నోటా ఆయన గొప్ప వినీ వినీ నా చెవుల తుప్పు వదిలిపోయింది. పోయాక కూడా నా చేత్తోనే పొగడాలా అనిపించింది. ఇప్పుడు కూర్చుని రాస్తున్నది పొగడటానికి కాదు. నలుగురిలో నేనాయనకి ఒక మాట బాకీ పడ్డాను. నలుగురిలో పడిన బాకీ నలుగురిలోనే తీర్చాలి. అది వచ్చేవరకూ కాస్త ఓపిక పట్టండి. తిన్నగా నడవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు లేదు.

ఆయన పోయిన సంగతి నాకు నీళ్ళు చెప్పాయి. మా రెండిళ్ళకీ కలిపి ఒకటే బోరు, ఒకటే మోటారు, వాళ్ళ మేడమీద ఒకటే ట్యాంకు. రోజూ పొద్దున్న ఐదింటికి ఆయన స్విచ్చు వేసేవాడు, ఐదుంపావుకి కట్టేసేవాడు. గాజువాక నుంచి మొదటి బస్సు ఆలస్యమైన రోజులున్నాయి గానీ ఈ మోటారు ఆలస్యమైన రోజు లేదు. ఆ రోజు ఐదుంపావు దాటిపోయింది, ఐదున్నర కావస్తోంది, ట్యాంకు నిండి నీళ్ళు పిట్టగోడ మీంచి నా పెరట్లోకి ధారగా పడుతున్నాయి. నేను పళ్ళు తోముకుంటూ ఆ ధార చూశాను. నిజం చెప్పొద్దూ, లోపల చిన్న సంతోషం కలిగింది. ఇన్నేళ్ళకి ఒక తప్పు దొరికింది. గోడ దగ్గరికెళ్ళి, వీధంతా వినపడేలా, "ఏటన్నయ్యా, మోటారు కట్టవా? నేలా నాదే, పోయే నీళ్ళూ నాయేనా?" అని కేకేశాను. రెండో కేక వేసేలోపు అవతల్నుంచి వదిన గొంతు వినిపించింది. ఆ గొంతులో మాటలు లేవు.

స్విచ్చు వేసి, దాని కింద ఎప్పుడూ ఉండే ఇనప కుర్చీలో కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. వాళ్ళింట్లోకి పరిగెత్తి నేనే మోటారు కట్టేశాను. పదిహేనేళ్ళలో ఆ స్విచ్చు మీద నా చెయ్యి పడటం అదే మొదలు.

ఆయన నాకు తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్క భర్త. మా మామగారు కంచరపాలెంలో రైల్వే ఫిట్టరు, ఇద్దరే కూతుళ్ళు. పెద్దమ్మాయిని, గోదావరి జిల్లా నుంచి డాక్‌యార్డు స్టోర్సులో గుమస్తా ఉద్యోగానికి వచ్చి వాళ్ళ వీధిలోనే అద్దెకున్న ఈయనకిచ్చాడు. చిన్నమ్మాయిని నాకిచ్చాడు. నేను పోర్టులో వించి డ్రైవర్ని, అంటే ఓడ కడుపులోంచి సరుకు పైకెత్తి రేవుమీద దించేవాణ్ణి. వయసులో నేనే ఏడాదిన్నర పెద్ద. వరసలో ఆయన పెద్దల్లుడు. దాంతో నాకంటే చిన్నవాణ్ణి అన్నయ్యా అని పిలవాల్సొచ్చింది. ఆయన నన్ను 'తమ్ముడుగారూ' అనేవాడు, మాటకో 'అండి' తగిలించి మరీ. ఆ మర్యాద నాకు చెప్పులో రాయిలా ఉండేది. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. గారూ అన్నవాణ్ణి ఏం చేస్తాం.

అత్తారింట్లో మామగారు వంజరం తెస్తే నడుం ముక్క ఆయన కంచంలో పడేది. సముద్రం ఒడ్డున పుట్టింది నేను, ముక్క గోదావరి వాళ్ళకి. ఆయన తిని, "మీ సముద్రపు చేప రుచే వేరండి" అనేవాడు. మా అత్త ఇంకో ముక్క వేసేది. అదేదో బాగానే పనిచేస్తోందని నేను కూడా ఓసారి అలాగే అని చూశాను. "నీకు తెల్నిదేటి బాబూ" అని మా అత్త గిన్నె మీద మూత పెట్టేసింది.

చదువు సంగతి చెప్పాలి. నేను ఐదో తరగతితో ఆపేశాను. ఇంగ్లీషు అక్షరాలు బస్తాల మీద నేర్చుకున్నాను. అప్పట్లో గోనె బస్తాల మీద 'యూజ్ నో హుక్స్' అని నల్లరంగుతో అచ్చు కొట్టి ఉండేది, కొక్కేలు గుచ్చొద్దని. మా కళాసీలు సరిగ్గా ఆ అక్షరాల మధ్యలోనే కొక్కెం గుచ్చేవారు. నేను మధ్యాహ్నం భోజనాల వేళ బొగ్గుముక్కతో రేవు గచ్చు మీద ఆ మూడు మాటలూ రాసి రాసి దిద్దుకున్నాను. అక్కణ్ణుంచి పేపర్లు, పాత పుస్తకాలు, గ్రంథాలయం. ఆ చదువుతో, మా కాలనీ మొదట్లో ఉన్న టీకొట్టు దగ్గర ఆదివారం పొద్దున్న చేరే ఇరవై పాతికమందికి కబుర్లు చెప్పే పెద్దని నేనే అయ్యాను. చిలకని పెంచిన గ్రీకు కెప్టెన్ కథ నాది. ఆ చిలక, సరుకు దించమని మా సిగ్నలు మనిషి వేసే ఈల నేర్చేసుకుని, నా చేత ఒక వలెడు బస్తాలు సముద్రంలోకి దింపించింది. చిలక విషయం పూర్తిగా నిజం కాదు. బస్తాలు సముద్రంలో పడటం మాత్రం నిజం.

సోవియట్ దేశం ముక్కలైన ఏడాది ఆ టీకొట్టు నా చేతిలోంచి జారిపోయింది.

అప్పుడు ఊళ్ళో అందరికీ ఒకటే దిగులు. డాక్‌యార్డులో రష్యా యంత్రాలు, స్టీలు ప్లాంటులో రష్యా యంత్రాలు, వాటి బోల్టులు కూడా అక్కణ్ణుంచే రావాలి. నేను చిలక కథ ఎత్తుకోబోతుంటే ఎవరో ఆయనకేసి తిరిగి, "గురువుగారూ, మనతో పొత్తులో ఉన్న దేశమే నేకుండా పోతే, రాసుకున్న కాయితాలేటవుతాయండీ?" అని అడిగారు. మామూలుగా ఆయన మూల బల్ల మీద కూర్చుని టీ తాగి వెళ్ళిపోయే మనిషి. ఆ రోజు గ్లాసు కింద పెట్టి, కొంచెం ఆలోచించి, "దేశం పోతుందండి, ఒప్పందం పోదు. దాని బరువు ఎవరు నెత్తికెత్తుకుంటే వాళ్ళే వారసులు. కుర్చీ కావాలన్నవాడు మోత కూడా మొయ్యాలి కదండి" అన్నాడు.

అంతే. ఇరవై పాతిక తలకాయలూ అటు తిరిగాయి. మళ్ళీ ఇటు తిరగలేదు.

అక్కణ్ణుంచి ఆదివారానికో సంగతి. మిలిటరీ పొత్తుల గురించి ఆయన చెప్పినట్టు మన ఊళ్ళో ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఒక దేశం సేన ఇంకో దేశంలో మకాం పెడితే ఖర్చు ఒకే ముద్దగా ఉండదట. నేల ఇంటివాళ్ళది. చాలాచోట్ల దానికి అద్దె పుచ్చుకోరు గానీ, నేల ఇచ్చింది మేమేనన్న మాట ప్రతి మీటింగులోనూ గుర్తుచేస్తారట. సైనికుల జీతాలు, తుపాకులు వచ్చినవాళ్ళవి. జపానులో అయితే స్థావరంలో పనిచేసే వాళ్ళ ఊరి వంటవాళ్ళకీ తోటమాలులకీ జీతాలూ, కరెంటూ నీళ్ళూ కూడా చాలావరకు జపానే భరిస్తుందట. ఆ ఒప్పందాన్ని కొన్నేళ్ళకోసారి కూర్చుని తిరగరాసుకుంటారట. జర్మనీలో సేనలు ఖాళీ చేసి పోయేటప్పుడు, మీ నేల మీద మేం కట్టిన గోడలకి ఇప్పుడు విలువెంత అని బేరం నడిచిందట. అందరూ కలిసి కట్టుకున్న వాటికి ఎవరి స్తోమతు కొద్దీ వాళ్ళు వేసుకోవాలి. పేచీ అక్కడే. పెద్దవాడు "నేనే ఎక్కువ మోస్తున్నాను" అంటాడు. చిన్నవాడు "నా నేల మీద నిలబడి ఆ మాట అంటున్నావు" అంటాడు.

నేనూ కూర్చుని విన్నాను. బాగుంది. అదే నా బాధ.

ఇవన్నీ ఆయనకెలా తెలుసో తర్వాత తెలిసింది. డాక్‌యార్డు స్టోర్సుకి విదేశాల నుంచి పెట్టెలొచ్చేవి. లోపల సామాను ఒరుసుకోకుండా పాత ఇంగ్లీషు పత్రికల కాగితాలు నలిపి కుక్కేవారు. పెట్టె విప్పాక అందరూ ఆ చెత్త పారేస్తే ఈయన అడిగి ఇంటికి తెచ్చుకుని, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివేవాడు. సగం కాగితాలకి మొదలుండేది కాదు, సగం వాటికి చివర. నేను బస్తా పైన చదువుకున్నాను, ఆయన పెట్టె లోపల చదువుకున్నాడు. తేడా అంతే. కానీ పైనున్నవి మూడే మాటలు, లోపల ప్రపంచమంతా ఉంది.

ఇక బోరు సంగతి. మామగారు రిటైరయ్యాక గాజువాకలో కొన్న చిన్న స్థలం ఇద్దరు కూతుళ్ళకీ చెరిసగం రాసిచ్చాడు. ఎనభైల చివర్లో ఇద్దరం గోడకి గోడ ఆనించి ఇళ్ళు కట్టుకున్నాం. నాలుగేళ్ళకి వీధి కుళాయి చాలక, ముందు ఆయన సగంలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు తగిలాయి. పది గజాల ఇవతల నా సగంలో వేస్తే కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు. పెద్దల్లుడికి ఉప్పు, చిన్నల్లుడికి తీపి. ఆ పూట తిన్న అన్నం నాకు ఒంటబట్టినట్టు ఇంకెప్పుడూ పట్టలేదు.

సాయంత్రం ఆయన ఒక తెల్లకాగితం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"తమ్ముడుగారూ, నేల మీది, నీళ్ళు మీవి. మోటారు, పైపులు, ట్యాంకు, కరెంటు మావండి. ఏదైనా చెడిపోతే సగం సగం. ఐదేళ్ళకోసారి కూర్చుని తిరగరాసుకుందాం."

నేను బిగుసుకుని, "పొత్తుల మగడు పుచ్చి చచ్చాడని సామెతుంది గదా అన్నయ్యా" అన్నాను.

"అందుకేనండి. ఎవరి పని ఏదో ముందే రాసుకుంటే మగడు బతుకుతాడు."

లోపల్నుంచి అక్కచెల్లెళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. సామెత నాది, నవ్వు ఆయనకి. ఆ కాగితానికి 'ఉమ్మడి స్థావరం' అని పేరు పెట్టి, అక్కచెల్లెళ్ళతో సాక్షి సంతకాలు పెట్టించి, ఉప్మా తిని వెళ్ళాడు. వారం తిరిగేసరికి కాలనీ అంతా మా బోరుని 'బేసు' అనడం మొదలెట్టింది. ఎండాకాలం బిందెలు పట్టుకుని వచ్చే ఆడవాళ్ళు కూడా, "బేసు కాడ నీల్లొచ్చాయా పిన్నీ" అనే అడిగేవారు.

పైకి చూస్తే లాభం నాదే. నా చేతినుంచి పడేది ఏమీ లేదు. ఉన్న నేల ఉన్నచోటే ఉంది, కరెంటు ఆయన మీటరు మీద కాలుతోంది. కానీ రోజూ ఐదింటికి గోడ అవతల మోటారు మోగగానే, నేను ఆయన ఖర్చుతో స్నానం చేస్తున్నానన్న ఆలోచన నీళ్ళకంటే ముందు నెత్తిన పడేది. ఎదటివాడు ఎక్కువ మోస్తున్నాడంటే మనం తక్కువ వాళ్ళమనేగా. ఆయన ఆ మాట ఒక్కనాడూ అనలేదు. అనకపోవడం ఇంకా మంట.

మొదటి ఐదేళ్ళూ నిండే సమయానికి నేను బాగా తయారయ్యాను. రెండు ఆదివారాలు బస్సెక్కి మద్దిలపాలెంలో దిగి, అక్కణ్ణుంచి గ్రంథాలయానికి నడిచి, పాత పత్రికలు తిరగేశాను. ఫిలిప్పీన్స్ అనే దేశం, అంత పెద్ద అమెరికా నౌకాదళాన్ని, ఇక మా నేల ఖాళీ చెయ్యమంటే చేసి వెళ్ళిపోయిందని చదివాను. ఎవరో నాకోసమే రాసినట్టుంది. తిరగరాత రోజు ఉప్మా ప్లేటు పక్కకి జరిపి, స్విచ్చు మా ఇంట్లో పెట్టాలి, లేకపోతే బేసు మూసేస్తానన్నాను. నాకు అద్దె అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. స్విచ్చు కావాలి.

ఆయన ప్లేటు కింద పెట్టాడు. "స్విచ్చు అడక్కండి తమ్ముడుగారూ. నేల హక్కండి, అది మీ దగ్గరుంది. స్విచ్చు పని. పని నా దగ్గర ఉండనివ్వండి" అన్నాడు.

నేను రెంచి తీసుకెళ్ళి బోరు తల దగ్గర వాల్వు బిగించేశాను. అంత వీరంగం చేశాక గానీ ఒక సంగతి బుర్రకెక్కలేదు. నీళ్ళు నా దగ్గరున్నాయి, మోటారు లేదు. మోటారు ఆయన దగ్గరుంది, నీళ్ళు లేవు. రెండిళ్ళూ ఎండిపోయాయి. ఎండలు మండుతున్నాయి. అక్కచెల్లెళ్ళిద్దరూ చెరో బిందె చంకనెత్తుకుని వీధి కుళాయికి కలిసే వెళ్ళేవారు, కలిసే వచ్చేవారు, మధ్యలో మా ఇద్దరి గురించి నవ్వుకుంటూ. మూడో రోజున మా ఆవిడ బిందె నా ముందు దభీమని దించి, "ఏటి, నీ నేలా నీ బోరూ ఎత్తుకెల్లి సముద్రంలో దించీ. వించి ఉంది గదా నీకు" అంది. బస్తాల సంగతి ఆవిడకి తెలుసు.

పదకొండు రోజులు పంతం పట్టాను. ఆ పదకొండు రోజులూ సరిగ్గా ఐదింటికి గోడ అవతల మోటారు మోగేది. ఒక్క రెండు క్షణాలు మూలిగి ఆగిపోయేది. మొదట్లో నన్ను వెక్కిరించడానికే అనుకుని మంచంలో పళ్ళు నూరుకున్నాను. తొమ్మిదో రోజో పదో రోజో అర్థమైంది. నేను వాల్వు తెరిచానేమోనని ఆయన చూస్తున్నాడు. నీళ్ళు ఎక్కే మోటారు శబ్దం వేరు, మూసిన వాల్వు మీద తిరిగే శబ్దం వేరు. వచ్చి తలుపు కొట్టి అడిగితే నేను చిన్నబోతానని, చెవితో అడుగుతున్నాడు. పన్నెండో రోజు చీకటితోనే లేచి ఎవరికీ చెప్పకుండా వాల్వు తిప్పేశాను. ఐదింటికి మోటారు మూలిగింది, గొంతు సవరించుకుంది, ఎత్తుకుంది. ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ ఆయన ఆ ఊసే తేలేదు. తిరగరాసిన కాగితంలో మాత్రం చివర ఒక వాక్యం చేర్చాడు: 'స్విచ్చు విషయం వచ్చే ఐదేళ్ళకి వాయిదా.' రెండోసారి తిరగరాసినప్పుడు కూడా అదే వాక్యం, అదే చేతిరాత.

ఆయన అలవాట్లన్నీ శబ్దం చుట్టూనే ఉండేవి. వీధిలో నడుస్తూ నడుస్తూ ఎవరింట్లోనైనా కుళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తే ఆగిపోయి, తలుపు కొట్టి, జేబులోంచి వాషరు తీసి వేసి వెళ్ళేవాడు. ఇంటికో వాషరు లెక్కన జేబులో పెట్టుకుని తిరిగేవాడిని నేను ఇంకెక్కడా చూడలేదు. "మనిషైనా మోటారైనా చెడిపోయే ముందు చప్పుడు మారుతుందండి, మనం వినాలి" అనేవాడు. మరి తన గుండె చప్పుడు మారింది వినలేదా అని అడగాలనుంది. ఎవరినడగను.

ఇక నా బాకీ.

రెండువేలు దాటాక ఒక ఏడాది విదేశీ యుద్ధనౌకలు మన నౌకలతో కలిసి విన్యాసాలు చెయ్యడానికి వచ్చాయి. ఊరంతా బీచిలో నిలబడి చూసింది. ఆ ఆదివారం సంఘం మీటింగులో, వాటికి పోసిన మంచినీళ్ళకీ డీజిలుకీ ఖర్చు ఎవరిది అని మాటొచ్చింది. ఎవరి ఖర్చు వారిదేనండి, ఇక్కడ పుచ్చుకున్నదానికి లెక్క రాసుకుని తర్వాత సర్దుకుంటారండి అని ఆయన చెప్పాడు. నేను లేచాను. అతిథులు గనక మొత్తం మన సర్కారే పెట్టుకుంటుందన్నాను. "నాను పోర్టు మడిసిని. నీల్ల బార్జి పక్కన కట్టడం కల్లారా సూసినాను. పైసా సేతులు మారలేదు" అని బల్ల గుద్దాను. నీళ్ళు మోసే ఆ బార్జి పడవ ఓడ దగ్గరికి వెళ్ళడం చూసిన మాట నిజమే. మిగతాది చిలక.

అందరూ ఆయనకేసి చూశారు. ఆయన నాకేసి చూసి, "తమ్ముడుగారు కళ్ళారా చూశారంటే అదే అయ్యుంటుందండి. నేను చదివింది పాత కాగితం" అని కూర్చున్నాడు. చప్పట్లు కొట్టారు. ఎన్నో ఏళ్ళకి నాకోసం కొట్టిన చప్పట్లు. ఇంటికెళ్ళి మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను.

రెండు వారాల తర్వాత పోర్టు ఆఫీసులో టైపు కొట్టే పాత స్నేహితుడు కలిస్తే మాటల్లో అడిగాను. నీళ్ళకీ నూనెకీ కాగితాలు తయారయ్యాయనీ, తన చేత్తోనే కొట్టాననీ చెప్పాడు. పైసలు చేతులు మారవు, కాగితాలు మారతాయట. అంటే ఆయన చెప్పిందే నిజం. షేర్ ఆటోలో తిరిగొస్తూ, గోడ దగ్గర నిలబడి చెప్పేద్దాం అనుకున్నాను. గోడ దగ్గరికి వెళ్ళేసరికి ఆయనే పిలిచాడు. "తమ్ముడుగారూ, మోటారు చప్పుడు కొంచెం తేడాగా లేదూ? మీరేమంటారు?" అన్నాడు. ఆయనకి నా చెవి అవసరమా? నన్ను పెద్ద చెయ్యడానికి అడుగుతున్నాడు. ఒళ్ళు మండిపోయింది. బాగానే ఉందన్నాను. వచ్చేశాను. చెప్పలేదు. అప్పుడే కాదు, ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆయనకి నిజం తెలుసో తెలీదో, నిజంగానే నా మాట నమ్మి కూర్చున్నాడేమో అన్న అనుమానం మాత్రం మిగిలింది. ఆ అనుమానం నాకు అనుకూలంగా ఉండేది.

పెద్దకర్మ అయిన మర్నాడు వదిన ఆయన ఇస్త్రీ చేసిన కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. నువ్వు సదువుతావు గదా మరిదీ, ఉంచుకో అంది. నేను ఏదో అనాలి గనక, అన్నయ్య కూడా ఒకసారి పొరపడ్డాడులే, ఓడల నీళ్ళ విషయంలో అన్నాను. అంత దుఃఖంలో కూడా వదిన నాకేసి వింతగా చూసింది.

"మీ అన్నయ్య పొరపళ్ళేదు మరిదీ. ఆ రోజు ఇంటికొచ్చాక నానే అడిగినాను, తెలిసి తెలిసి ఎందుకు ఊరుకున్నావని. 'పొత్తులో ఉన్నోణ్ణి నలుగురిలో తగ్గించకూడదే' అన్నాడు. అంతే."

కాబట్టి ఆ మీటింగులో ఉన్నవాళ్ళందరికీ, ముఖ్యంగా చప్పట్లు కొట్టినవాళ్ళకి, ఇందుమూలంగా తెలియజేసేదేమంటే: ఆ రోజు తప్పు చెప్పింది నేను. సరిగ్గా చెప్పింది ఆయన. నాకు రెండు వారాల్లో తెలిసింది, ఆయనకి ఆ క్షణానే తెలుసు. మీ చప్పట్లు వెనక్కి ఇవ్వలేను గానీ, అవి ఎవరివో చెబుతున్నాను. ఇది రాశాక మనసు తేలికపడుతుందనుకున్నాను. పళ్ళేదు. ఓడిపోయి గెలిచిన మనిషి మీద అసూయ అంత త్వరగా చావదు.

ఒప్పందం మూడోసారి తిరగరాయాల్సిన గడువు ఈ నెలే. గోదావరి నుంచి వచ్చిన ఆయన తరఫు చుట్టాలు వదినని కూర్చోబెట్టి, నీళ్ళు మరిది నేలలో ఉన్నాయి, మరిదితో నీకెప్పటికైనా పేచీయే, ఇల్లు అద్దెకిచ్చేసి కాకినాడలో కూతురి దగ్గరికి పొమ్మన్నారట. వాల్వు కథ వాళ్ళకి ఎవరు మోశారో తెలీదు. వదిన ఎటూ చెప్పలేదు. నాలుగు రోజులు నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ వెళ్ళిపోతే అందరూ అనేది నన్నే. అనకపోయినా, ఆ కాగితం నా వల్లే చిరిగిందని నాకు తెలుస్తుంది. ఆయన టీకొట్టులో చెప్పిన మాట అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది, బరువు ఎత్తుకున్నవాడే వారసుడని.

పాత కాగితం పట్టుకుని నేనే వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళాను. మా ఆవిడ ఉప్మా చేసి వెనకాలే తెచ్చింది. నేలతో పాటు మోటారు, కరెంటు, స్విచ్చు వేసే పని కూడా ఇకనుంచి మావని రాసి వదిన ముందు పెట్టాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని నిదానంగా చదివింది. సంతకం పెట్టలేదు.

"అన్నీ నీయే అయితే మరి నాదేటి? నీ కరుసుతో నాను తానాలు సెయ్యాలా మరిదీ?"

పదిహేనేళ్ళు నా కడుపులో తిరిగిన మాట ఆవిడ నోట విని, కలం మూత మళ్ళీ తీశాను. బాగుచేత సగం సగం అన్న పాత వాక్యం తిరిగి రాయించింది. అది చాలదంది. ట్యాంకు వాళ్ళ మేడమీదనే ఉంది గనక, నిండగానే కేకెయ్యడం తన పని అని రాయమంది. రాశాను. అప్పుడు పెట్టింది సంతకం. స్విచ్చు విషయం వాయిదా అన్న వాక్యం కొట్టేశాను.

నిన్న ఎలక్ట్రీషియన్ వచ్చి మోటారు తీగ మా మీటరుకి మార్చాడు. స్విచ్చు మా వెనక గదిలో బిగించాడు.

ఇవాళ ఐదింటికి స్విచ్చు వేశాను. ఐదుంపావు ఎప్పుడు దాటిందో చూసుకోలేదు. గోడ అవతల్నుంచి వదిన, "మోటారు కట్టీ మరిదీ" అని కేకేసింది. కట్టేశాను.